ఏలియన్ కార్డు నుంచి జూమిన్‌హ్యో దాకా

2012 జూలై 9కి ముందు జపాన్‌లో కాపురమున్న ప్రతి విదేశీయుడి జేబులోనూ ఒక కార్డు ఉండేది. దాని అధికారిక నామం ‘గైకోకుజిన్ తోరోకు షోమేయ్‌షో’, అంటే విదేశీయుల నమోదు ధ్రువపత్రం. టోక్యోలో ఉన్న తెలుగువాళ్లం దాన్ని ఏలియన్ కార్డు అనేవాళ్లం. ముందువైపు ఫొటో, సంతకం, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య, జపాన్‌లో దిగిన తేదీ, వీసా తరగతి, గడువు, ఉంటున్న చిరునామా, ఇంటి పెద్ద పేరు, పనిచేసే సంస్థ పేరు చిన్న అక్షరాలలో కిక్కిరిసి ఉండేవి. వీటన్నిటి మధ్య స్వదేశంలోని చిరునామాకూ, పుట్టిన ఊరికీ కూడా చోటుండేది. నా కార్డులో ఆ గడిలో ‘కొల్లిపర’ అని ఇంగ్లీషు అక్షరాలలో ఉండేది. గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న మా ఊరి పేరును జపాన్ ప్రభుత్వం అచ్చువేసి నా చేతికివ్వడం ఆ వయసులో నాకెంతో అపురూపంగా తోచింది. ఆ కార్డును ఇప్పుడెవరికీ ఇవ్వరు, ఆ చట్టమూ ఇప్పుడు లేదు. ఆ కార్డుతో మొదలై, జూమిన్‌హ్యో అనే నివాస పత్రం దాకా మా కుటుంబం చేతుల మీదుగా నడిచిన కాగితాల గురించి తీరికగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను వెళ్లింది 2000 తరువాతి తొలి సంవత్సరాలలో. అప్పటికే కంప్యూటరు పనుల మీద వచ్చిన భారతీయులు ఎదొగావా వార్డులోని నిషి-కసాయ్ చుట్టుపక్కల స్థిరపడుతున్నారు. ఉద్యోగమిచ్చిన సంస్థ ముందుగా అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయంలో దరఖాస్తు చేసి, ‘అర్హత ధ్రువపత్రం’ తెప్పించి, అసలు ప్రతిని కొరియరులో హైదరాబాదుకు పంపింది. ఆ పత్రానికి మూడు నెలలే ఆయుష్షు. దాన్ని చెన్నైలోని జపాన్ కాన్సులేటులో చూపించి వీసా వేయించుకుని, ఆ మూడు నెలలలోపలే విమానం దిగాలి. నరితా విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టులో ఒక చీటీ అతికించి, దాని మీద ‘ఇంజినీరు’ తరగతి, గడువు వేశాడు. దేశంలోకి రానివ్వడం వరకే ఆయన పని. ఆ దేశంలో ఫలానా వీధిలో, ఫలానా ఇంట్లో ఉంటున్నామని తొంభై రోజులలోపల స్థానిక కార్యాలయంలో నమోదు చేయించుకోవలసిన బాధ్యత మనది.

కొత్తవాణ్ణని మా ఆఫీసులో ఒక పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని వార్డు కార్యాలయానికి తీసుకెళ్లారు. నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పున్న ఫొటోలు రెండు, పాస్‌పోర్టు, ఒక ఫారం, అంతే కావలసినవి. ఎక్కడా గెజిటెడ్ అధికారి సంతకం అడగలేదు, అఫిడవిట్లు లేవు. ఫారంలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత ఉన్నాయి. వాళ్ల ఆచారమూ మన ఆచారమూ ఈ ఒక్క విషయంలో అచ్చంగా ఒకటే కనుక, మా తాతల నాటి నుంచి ఎలా రాస్తున్నామో అలాగే నా పేరు రాశాను. పక్కనే దాని ఉచ్చారణను కతకానా లిపిలో రాయాలి. ఆ లిపిలో మన లకారానికీ రకారానికీ తేడా లేదు, చాలా హల్లులు వెనక అచ్చు లేకుండా నిలబడవు. కౌంటరులోని ఉద్యోగిని నా పేరును రెండుసార్లు నాచేత పలికించుకుని, పెన్సిలుతో ఒక రూపం రాసి చూపించి, మళ్లీ నాచేత చదివించుకున్నాక గాని సిరాతో రాయలేదు. “ఇది ఇవాళ ఎలా రాస్తే, బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ బీమాలోనూ ఎప్పటికీ అలాగే రాయించుకో. ఒక్క గీత మారినా నువ్వు వేరే మనిషివై పోతావు” అని పెద్దాయన దారిలో హెచ్చరించారు. ఆ మాట పట్టుకుని ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. ఆయన అన్నది ఎంత నిజమో, ఖాతా పుస్తకంలో ఒక రకంగా, జీతం పత్రంలో మరో రకంగా పేరు పడి ఇబ్బంది పడినవాళ్లను చూసినప్పుడల్లా అర్థమవుతుంది.

కార్డు చేతికి రావడానికి కొన్ని వారాలు పట్టేది. ఈలోగా బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఫోను కొనాలన్నా, ఇల్లు అద్దెకు తీసుకోవాలన్నా, నమోదైన వివరాలన్నీ ఉన్న ఒక ధ్రువపత్రాన్ని వార్డు కార్యాలయంలోనే కొద్దిపాటి రుసుము కట్టి తీసుకోవాలి. సర్కారువారి గృహ సముదాయాలలో జామీనుదారు అక్కర్లేదు, ఇంటివారికి కానుక సొమ్ము ఇవ్వనక్కర్లేదు. నిషి-కసాయ్ ప్రాంతంలో మనవాళ్లు గుంపుగా చేరడానికి ఆ ఇళ్లు ఒక ముఖ్య కారణం. ప్రైవేటు ఇళ్లకు వెళితే మాత్రం హామీ పెట్టే మనిషి కావాలి, పైగా కొందరు ఇంటివారు విదేశీయులనగానే తలుపు దగ్గరే మర్యాదగా వంగి, వీలుపడదని చెప్పి పంపేవారు. అప్పట్లో బ్యాంకులో సంతకం కన్నా ‘హాంకో’ అనే చెక్క ముద్రకే విలువ ఎక్కువ. స్టేషను దగ్గర ముద్రలు చెక్కే దుకాణంలో నా పేరులో మూడక్షరాలు గుండ్రని చెక్క మీద చెక్కించుకున్నాను.

పదహారేళ్లు నిండిన విదేశీయుడు ఆ కార్డును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని నియమం. ఒక చలికాలపు రాత్రి ఆఫీసు నుంచి సైకిలు మీద వస్తుంటే పోలీసు ఆపాడు. సైకిలు సీటు కింద అంటించిన నమోదు సంఖ్యను టార్చిలైటు వేసి చూసి, వైర్‌లెస్‌లో అవతలివాళ్లకు చదివి వినిపించి, ఆ తరువాత కార్డు అడిగాడు. దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు, చూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు, చలిలో నిలబెట్టినందుకు మన్నించమన్నాడు. మర్యాదకు ఏ లోటూ లేదు. అయినా వీధిలో నిలబడి నేనెవరినో రుజువు చేసుకోవలసి రావడం మనసుకు కష్టంగానే ఉండింది.

నాకన్నా ముందు వచ్చినవాళ్లతో పోలిస్తే నాది ఏపాటి కష్టం? విదేశీయుల నమోదు చట్టం 1952 నాటిది. 1955 నుంచి ఆ నమోదుకు వేలిముద్ర కూడా తీసుకునేవారు. జపాన్‌లోనే పుట్టి, అక్కడి బడుల్లో చదివి, జపనీసు తప్ప మరో భాష రాని కొరియా సంతతివారు కూడా పద్నాలుగేళ్లు, 1982 తరువాతైతే పదహారేళ్లు, నిండగానే వార్డు కార్యాలయానికి వెళ్లి సిరాలో వేలు ముంచవలసి వచ్చేది. 1980లో ఒకరు ఆ ముద్ర వేయడానికి నిరాకరించారు. ఆయన వెనుక వందలు, వేలమంది నిరాకరించారు. కోర్టులకెక్కారు, అరెస్టయ్యారు, తిరిగి దేశంలోకి వచ్చే అనుమతులు పోగొట్టుకున్నారు. వాళ్ల పోరాటం వల్లనే 1993లో ఆ తరతరాల నివాసులకూ, 2000 ఏప్రిల్ నుంచి మిగతా విదేశీయులందరికీ ఆ నియమం రద్దయింది. నేను దిగేనాటికి ఫారం మీద సంతకం పెడితే సరిపోయేది. నా పక్క ఫ్లాటులో ఉండే వృద్ధురాలు ఒకావిడ కొరియా సంతతి మనిషి. తన పాత కార్డు గురించి ఆవిడ ఒక్కసారే మాట్లాడారు. బడి యూనిఫాంలోనే వెళ్లి ముద్ర వేశాననీ, ఇంటికొచ్చి సబ్బుతో ఎంత రుద్దినా గోరు చివర నలుపు వారం రోజులు వదల్లేదనీ చెప్పి ఊరుకున్నారు. ఆ తరువాత 2007 నవంబరు నుంచి విమానాశ్రయంలో దిగే విదేశీయుల వేలిముద్రలు యంత్రం మీద తీసుకోవడం మొదలైంది. ఆ గాజు పలక మీద వేళ్లు పెట్టినప్పుడల్లా ఆవిడే గుర్తుకొస్తారు.

పెళ్లయ్యాక మా ఆవిడను తీసుకెళ్లడానికి కుటుంబ నివాస తరగతిలో దరఖాస్తు చేయవలసి వచ్చింది. దానికి పెళ్లి ధ్రువపత్రం ముఖ్యం. మన దగ్గర వివాహ నమోదును తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 2002లో. అప్పటికి ఊళ్లల్లో పెళ్లంటే శుభలేఖ, పురోహితుడు, ఫొటో ఆల్బం, అంతే. మేము తెనాలిలో సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి శుభలేఖ, తాళి కడుతున్న ఫొటో, సాక్షులుగా ఇద్దరు మేనమామలను తీసుకుని వెళ్లి నమోదు చేయించుకున్నాం. ఆ ధ్రువపత్రానికి జపనీసు అనువాదం జతపరచాలి. అనువాదం ఎవరు చేసినా ఫరవాలేదు గాని, చేసినవారి పేరు, సంతకం కింద ఉండాలి. ఆఫీసులో ఒక సహోద్యోగిని నాతో కూర్చుని సాయంత్రాలు అనువాదం సరిదిద్దింది. శుభలేఖ నకలు కూడా ముచ్చటపడి చూసి, పైన పసుపు ఎందుకు రాస్తారో, ముహూర్తం తెల్లవారుజామున ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకుంది.

అసలు చిక్కు మా ఆవిడ ఇంటిపేరుతో వచ్చింది. ఆమె పాస్‌పోర్టు పెళ్లికి ముందు తీసినది కనుక అందులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. జపాన్ పౌర చట్టం ప్రకారం దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండి తీరాలి. మా ఇద్దరి పాస్‌పోర్టులు పక్కపక్కన పెట్టుకున్న వార్డు ఉద్యోగి ఒకటికి రెండుసార్లు మమ్మల్ని చూసి, లోపలికి వెళ్లి తన పైవారిని అడిగి వచ్చాడు. విదేశీయులకు ఆ నియమం వర్తించదనీ, పాస్‌పోర్టులో ఉన్నదే కార్డులో రాస్తామనీ చెప్పాడు. అయితే ఆ తరువాత ఆసుపత్రిలో, పోస్టాఫీసులో, గ్యాసు కంపెనీ ఫోనులో మేము భార్యాభర్తలమని చెప్పుకోవలసిన సందర్భాలు అడుగడుగునా ఎదురయ్యాయి. అందుకని ఆ పెళ్లి ధ్రువపత్రం జిరాక్సు ఒకటి మా ఆవిడ చేతిసంచిలో కొంతకాలం తప్పనిసరిగా ఉండేది. పుట్టింటి పేరు మార్చుకోవాలని ఆమె అనుకోలేదు, నేనూ అడగలేదు.

వార్డు కార్యాలయం మా ఇంటికి నడిచివెళ్లే దూరం. అక్కడి మనుషుల ముఖాలు ఎరుగుదుము. షినగావాలోని ఇమిగ్రేషన్ కార్యాలయం మాత్రం వేరే లోకం. షినగావా స్టేషనులో కోనాన్ వైపు దిగి, గిడ్డంగుల మధ్య నుంచి పోయే బస్సెక్కి, తెల్లవారగానే అక్కడికి చేరినా మనకు ముందు వందమంది ఉండేవారు. టోకెను తీసుకుని కూర్చుంటే చుట్టూ చైనీసు, పోర్చుగీసు, తగలోగ్, బర్మీసు, నేపాలీ వినిపించేవి. చంకన బిడ్డలతో తల్లులు, సంస్థల తరఫున కట్టలకొద్దీ పాస్‌పోర్టులతో వచ్చిన గుమాస్తాలు, చదువుకునే పిల్లలు, అందరిదీ ఒకటే బెంచీ. దరఖాస్తు తీసుకున్న అధికారి ఒక పోస్టుకార్డు ఇచ్చి, దాని మీద మన చిరునామా మనచేతనే రాయించుకునేవాడు. కొన్ని వారాల తరువాత మన చేతిరాతతోనే ఆ కార్డు మన ఇంటికి వచ్చేది. అందులో ‘నాలుగు వేల యెన్‌ల రెవెన్యూ స్టాంపు తీసుకుని రండి’ అన్న గుర్తు ఉంటే పని అయినట్టే. ఆ స్టాంపులు కింది అంతస్తులోని దుకాణంలోనే దొరికేవి. సాయంత్రం ఇంటికి రాగానే తపాలా పెట్టె తెరిచి, కరపత్రాల మధ్య సొంత చేతిరాత కనబడుతుందేమోనని వెతుక్కోవడం, అది కనబడగానే మెట్లెక్కుతూనే మా ఆవిడను పిలవడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

అన్నిటికన్నా గుండెలమీద బరువుగా ఉన్న కాగితం తిరిగి ప్రవేశించే అనుమతి. వీసా గడువు ఎంత మిగిలి ఉన్నా, ఆ అనుమతి ముద్ర లేకుండా దేశం దాటితే ఆ క్షణంతో నివాస హక్కు పోతుంది. ఒక్కసారి వెళ్లిరావడానికి మూడు వేల యెన్‌లు, ఎన్నిసార్లయినా వెళ్లిరావడానికి ఆరు వేలు. మా బృందంలో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒకాయన, ఏటా ఒక్కసారే కదా ఇంటికి వెళ్లేదని, ఒక్కసారి అనుమతే తీసుకునేవారు. ఒక శుక్రవారం రాత్రి వాళ్ల నాన్నగారు పోయారని ఫోను వచ్చింది. ఆయన దగ్గర అనుమతి లేదు. శని, ఆదివారాలు షినగావాలో ఆ పని జరగదు. మేమంతా ఆయన గదిలో కూర్చున్నాం. ఫోను ఎత్తి చెల్లెలితో “ఆగొద్దమ్మా, కానిచ్చేయండి, బాబాయిని పట్టుకోమను” అన్నారు. సోమవారం పొద్దున కార్యాలయం తెరవగానే ముద్ర వేయించుకుని అటునుంచి అటే విమానాశ్రయానికి వెళ్లి, పదకొండో రోజు కర్మకు మాత్రం అందుకున్నారు. పెద్దకొడుకై ఉండి తండ్రికి తలకొరివి పెట్టలేకపోవడం మన ఇళ్లల్లో ఎంతటి లోటో చెప్పనవసరం లేదు. ఆనాటి నుంచి మా చుట్టుపక్కల కొత్తగా ఎవరు దిగినా, కుంపటి, బియ్యం సంగతి తరువాత, ముందు ఆరు వేల యెన్‌ల అనుమతి తీసుకోమని చెప్పేవాళ్లం.

2011 మార్చి 11న భూకంపం వచ్చి, ఫుకుషిమా అణు ప్రమాదం వార్తలు వినిపించడం మొదలైనప్పుడు ఆ అనుమతి విలువ ఊరంతటికీ తెలిసింది. షినగావా కార్యాలయం చుట్టూ ఆ ముద్ర కోసం వేలమంది బారులు తీరారు. చలి ఇంకా తగ్గలేదు, పసిపిల్లలకు దుప్పట్లు చుట్టుకుని నిలబడ్డారు. మా పాస్‌పోర్టుల్లో ముద్రలు ఉన్నందున మాకు ఆ వరుస తప్పింది. మా ఆవిడ, పిల్ల కొన్ని వారాలు తెనాలి వెళ్లి వచ్చారు, నేను పనిలోనే ఉన్నాను.

పిల్ల అన్నాను కదా, ఆ కాగితాల సంగతి వివరంగా చెప్పాలి. జపాన్‌లో బిడ్డ పుడితే పద్నాలుగు రోజులలోపల వార్డు కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. పేరు అప్పటికే నిర్ణయించి ఉంటే మంచిది. ముప్ఫై రోజులలోపల ఇమిగ్రేషన్‌లో బిడ్డకు నివాస హోదా కోరుతూ దరఖాస్తు పెట్టాలి. తల్లిదండ్రులు విదేశీయులైతే ఆ గడ్డ మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు కనుక, అరవై రోజులు దాటితే ఆ హోదా లేకుండా ఉండకూడదు. మా ఇంట్లో బారసాల ఇరవై ఒకటో రోజున. ఈ రెండు లెక్కలూ కలవవు. ఫోనులో అమ్మకు సంగతి చెబితే, “బియ్యంలో పేరు రాయకముందే కాగితం మీద రాయిస్తారట్రా? ఎక్కడి చోద్యం!” అని బాధపడింది. నాన్నగారు మాత్రం పంచాంగం తెరిచి, నక్షత్రం చూసి, అక్షరం చెప్పి, మామగారితోనూ మాట్లాడి, మర్నాటికల్లా పేరు ఖాయం చేశారు. ఆసుపత్రిలో నర్సుకు ఈ విషయం చెబితే, తమలోనూ ఏడో రాత్రి పేరు పెట్టే వేడుక ఉందనీ, పేరును కుంచెతో కాగితం మీద రాసి గోడకు అంటిస్తామనీ చెప్పింది.

వార్డు కార్యాలయంలో అమ్మాయి పేరును కతకానాలో రాసి, పక్కన ఇంగ్లీషు అక్షరాలలో రాశాను. కౌంటరు వెనకున్నామె ఫారం పూర్తిగా సరిచూసుకుని, మా ఆవిడకు గర్భం నిర్ధారణ అయినప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల పుస్తకం తీసుకుని, అందులో జనన నమోదు పేజీలో ఎర్ర ముద్ర వేసింది. అప్పుడు లేచి నిలబడి, వంగి శుభాకాంక్షలు చెప్పింది. పక్క కౌంటర్లలో ఉన్నవాళ్లిద్దరు కూడా తలెత్తి అదే మాట అన్నారు. మావాళ్లెవరూ దగ్గర లేని ఆ రోజుల్లో ఆ మాట నాకెంత ఆసరా ఇచ్చిందో వాళ్లకు తెలియదు.

ఇక బిడ్డకు భారతీయ పాస్‌పోర్టు కావాలి. కుదన్‌షితా దగ్గరున్న మన ఎంబసీకి వెళ్లాలి. ఫొటోలో బిడ్డ కళ్లు తెరిచి ఉండాలి, వెనకంతా తెల్లగా ఉండాలి, మరొకరి చెయ్యి కనిపించకూడదు. నెల నిండని పిల్లను ఎలా కూర్చోబెడతాం? నా పెళ్లినాటి తెల్ల పంచె, జరీ అంచు కింద మడిచి, తాతామీ చాప మీద పరిచి, పిల్లను పడుకోబెట్టి, నేను కుర్చీ మీదెక్కి కిందికి వంగి ఫొటోలు తీస్తుంటే, మా ఆవిడ నా భుజం పక్కనుంచి గిలక్కాయ ఆడిస్తూ పిల్ల చూపును పైకి రప్పించింది. ఆ ఫొటోనే మా అమ్మాయి మొదటి పాస్‌పోర్టు ఫొటో. మేము ఎంబసీకి వెళ్లిన రోజున పక్కనున్న చిదొరిగాఫుచి కందకం పొడవునా చెర్రీ పూలు విరగబూసి ఉన్నాయి. ఆ పాస్‌పోర్టూ, ఇమిగ్రేషన్ హోదా, విదేశీయుల నమోదు ఒక్కొక్కటే పూర్తయ్యాయి. పదహారేళ్లలోపు పిల్లల ఏలియన్ కార్డుకు ఫొటో, సంతకం అక్కర్లేదు. ఆ చోటు ఖాళీగా ఉండేది.

ఇన్ని కాగితాలున్నా మాకు లేనిది ఒకటుండేది, అది జూమిన్‌హ్యో. ఫలానా ఇంట్లో ఫలానా కుటుంబం నివసిస్తోందని స్థానిక సంస్థ ఇచ్చే నివాస పత్రం అది. జపాన్‌లో ప్రతి పనికీ మూలాధారం. అది పౌరులకు మాత్రమే. మాకు ఎవరి నమోదు వారిదే. పన్నులు అందరితో సమానంగా కట్టేవాళ్లం గాని, నివాసుల పట్టికలో మేము లేము. జపాన్ వ్యక్తిని పెళ్లాడిన విదేశీయుల బాధ ఇంకా ఎక్కువ. ఇంటి పత్రంలో భర్తో భార్యో కనిపించక, పిల్లలను ఒంటరి తల్లో తండ్రో పెంచుతున్నట్టు ఉండేది. 2002లో తమా నదిలోకి, ఆ తరువాత యోకొహామా నదుల్లోకి దారితప్పి వచ్చిన తమా-చాన్ అనే సీల్ జంతువును జనం విపరీతంగా ప్రేమించారు. 2003 ఫిబ్రవరిలో యోకొహామాలోని నిషి వార్డు ఆ జంతువుకు గౌరవ సూచకంగా జూమిన్‌హ్యో ఇచ్చింది. పిల్లల సంతోషం కోసం చేసిన పనే కావచ్చు. కానీ ఏళ్ల తరబడి అక్కడే బతుకుతున్న విదేశీయుల మనసు ఎంతగానో నొచ్చుకుంది. కొందరు ముఖాలకు మీసాలు గీసుకుని వీధిలోకి వచ్చి, మాకూ ఆ పత్రం ఇవ్వండని అడిగారు. ఆ వార్త చదివిన రోజు ఆఫీసులో మా పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

చట్టం 2009లో మారింది, అమలుకు 2012 వచ్చింది. ఆ ఏడు మే నెలలో వార్డు కార్యాలయం నుంచి ఒక కవరు వచ్చింది. మే 7 నాటికి ఉన్న వివరాలతో తయారుచేసిన తాత్కాలిక నివాస పత్రం పంపుతున్నామనీ, తప్పులుంటే చెప్పమనీ రాశారు. విప్పి చూస్తే ఒకే కాగితం మీద మా ముగ్గురి పేర్లు. నా పేరు దగ్గర ఇంటి యజమాని అని, మా ఆవిడ పేరు దగ్గర భార్య అని, అమ్మాయి పేరు దగ్గర సంతానం అని ఉంది. రెండు ఇంటిపేర్లున్న భార్యాభర్తలు, వాళ్ల బిడ్డ, ఒకే పట్టికలో. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, “ఇక ఆ పెళ్లి కాగితం మోసుకు తిరగక్కర్లేదు కదండీ” అంది. జూలై 9 తరువాత నేను మొదట చేసిన పని మూడు వందల యెన్‌లు కట్టి అసలు జూమిన్‌హ్యో ప్రతి ఒకటి తీసుకోవడం. ఏ కార్యాలయమూ నన్ను దాన్ని అడగలేదు. ఇంట్లో ఉండాలని తీసుకున్నాను.

అదే రోజు నుంచి ఏలియన్ కార్డు స్థానంలో ‘జాయిర్యూ కార్డు’ వచ్చింది. అందులో చిప్పు ఉంటుంది, ముందు రెండక్షరాలు, మధ్యలో ఎనిమిది అంకెలు, చివర రెండక్షరాలతో ఒక సంఖ్య ఉంటుంది. నివాస గడువు అయిదేళ్ల దాకా ఇవ్వడం మొదలైంది. ఏడాదిలోపల తిరిగి వచ్చేవారు విమానాశ్రయంలో ఇచ్చే చీటీలో ఒక గడిలో గుర్తు పెడితే చాలు, ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఆ చిన్న గడి ఎన్ని ఇళ్లల్లో ఎంత దుఃఖాన్ని తప్పించిందో మా కాకినాడ మిత్రుడిని చూసినవాళ్లకు తెలుస్తుంది. మా పాత కార్డులు మార్చుకునే వంతు వచ్చినప్పుడు షినగావాలో వాటిని అప్పగించి కొత్తవి తీసుకున్నాం. కొత్త కార్డు నున్నగా, స్పష్టంగా ఉంది. అందులో పుట్టిన ఊరికి చోటు లేదు. స్వదేశపు చిరునామా లేదు. దేశం పేరు మాత్రమే ఉంది. విదేశీయుల మీద నిఘా కోసం పుట్టిన పాత చట్టం పోవడం న్యాయమే. అయినా కొల్లిపర పేరు పోయినందుకు నాకు బెంగ కలిగింది, ఇప్పటికీ ఉంది. అప్పగించడానికి ముందురోజు రాత్రి తీసి పెట్టుకున్న ఆ పాత కార్డు జిరాక్సు, పెళ్లి ధ్రువపత్రంతో పాటు ఇంట్లోనే ఉంది.

శాశ్వత నివాసం కోసం దరఖాస్తు చేసుకున్నది ఆ తరువాత. సాధారణంగా పదేళ్ల నివాసం, అందులో అయిదేళ్లు ఉద్యోగ హోదాతో ఉండాలి. పన్నుల పత్రాలు, ఉద్యోగ ధ్రువపత్రం మామూలే. వీటితో పాటు ఒక హామీదారు కావాలి. జపాన్ పౌరుడో, శాశ్వత నివాసో ఈ మనిషి బాధ్యత నాది అని సంతకం పెట్టాలి. అప్పట్లో హామీదారు తన ఆదాయ పత్రాన్ని, ఉద్యోగ పత్రాన్ని, సొంత జూమిన్‌హ్యోను కూడా జతపరచాల్సి వచ్చేది. జీతం ఎంతో సొంత అన్నదమ్ములకు కూడా చెప్పని దేశంలో ఆ మాట ఎవరినైనా ఎలా అడగడం? మొదటి రోజున నన్ను వార్డు కార్యాలయానికి తీసుకెళ్లిన పెద్దాయన దగ్గరికే వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరు కాబోతున్నారు. నా మాట పూర్తికాకుండానే సరేనన్నారు. వారం తిరగకముందే అన్ని పత్రాలూ ఒక గోధుమరంగు కవరులో పెట్టి, హామీ పత్రం మీద తన ముద్ర ఎర్రగా, నిటారుగా వేసి, “ఇవి చాలవంటే చెప్పు, మళ్లీ తెస్తాను” అంటూ రెండు చేతులతో ఇచ్చారు. ఆ కవరు అతికించి లేదు. నేను చూసినా ఫరవాలేదనే ఆయన ఉద్దేశం. నేను ఆ కాగితాల వరుస మాత్రం సరిచూసుకుని, అంకెల మీదికి కన్ను పోనివ్వకుండా దరఖాస్తులో చేర్చాను. కొన్ని నెలల తరువాత నా చేతిరాత పోస్టుకార్డు ఇంటికొచ్చింది. ఎనిమిది వేల యెన్‌ల స్టాంపు కొని, కార్డు తీసుకుని, తిన్నగా ఆయన ఇంటికే వెళ్లి చూపించాను.

ఇప్పుడు నరితాలో దిగే కుర్రవాళ్లకు కార్డు విమానాశ్రయం కౌంటరులోనే చేతికి వస్తోంది. వార్డు కార్యాలయంలో దాని వెనక చిరునామా వేయించుకుంటే సరిపోతుంది. 2022 నుంచి శాశ్వత నివాసానికి హామీదారు ఆదాయ పత్రాలు కూడా అడగడం లేదు. సంతకంతో పాటు గుర్తింపు కార్డు నకలు ఉంటే చాలు. శాశ్వత నివాసినైనందువల్ల ఆ సంతకం పెట్టే అర్హత నాకూ ఉంది, ఖమ్మం నుంచి, నెల్లూరు నుంచి వచ్చిన పిల్లలు వచ్చి అడుగుతుంటారు. కార్డు నకలు వాట్సాప్‌లో పంపితే చాలంటారు. నేను మాత్రం భార్యాబిడ్డలతో ఒక ఆదివారం భోజనానికి రమ్మంటాను. వాళ్లు వచ్చాక, తిన్నాక, ఊళ్లు, ఇంటిపేర్లు, బారసాల ఎన్నో రోజున చేశారో అన్నీ మాట్లాడుకున్నాక, ఆనాడు స్టేషను దగ్గర చెక్కించుకున్న హాంకో తీసి, ముద్ర నిటారుగా పడేట్టు చూసుకుని వేసి ఇస్తాను.